బంగారంతో కాదు, ఇనుముతో

జూన్ 18

అమ్మడూ,

ఇక్కడ మీ అన్నయ్య, నేను బాగున్నాం, కారు ఒక్కటే బాగాలేదు. ఆయన దగ్గర డ్రైవింగ్ నేర్చుకోవడానికి కొత్తగా చేరిన ఒకాయన క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియక మొన్న దాన్ని చెప్పుల కొట్టు మెట్లెక్కించాడు. మీ అన్నయ్య సంగతి నీకు తెలిసిందే, ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. ఇంటికొచ్చి మాత్రం, గరిట పట్టుకుని నా మానాన నేను నిలబడి ఉంటే, నన్ను చూసి "నిదానం, నిదానం" అన్నారు.

ఇక అసలు సంగతి. మా స్కూల్లో ప్రాచీన పాఠాలు చెప్పే మేష్టారు రిటైరయ్యారు. గ్రీకుల పురాణాలు, రోమన్ల చరిత్ర, కాస్త లాటిన్, ఇదీ ఆ సబ్జెక్టు. ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మీరు సర్దుకుపోయే మనిషి" అని మొదలుపెట్టారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. సర్దుకుపోయేవాళ్ళ నెత్తినే కదా ఎవరైనా బరువు పెట్టేది. రసాయనశాస్త్రంతో పాటు ఇదీ నేనే చెప్పాలట. డిసెంబరులో స్కూళ్ళ మధ్య పోటీ ఉంది. అందులో మొదటి మూడు స్థానాల్లో ఒకటి రాకపోతే సబ్జెక్టు ఎత్తేస్తారు. ఇప్పుడు చదువుతున్న ఆరుగురు పిల్లలూ ఇంకో సబ్జెక్టులో మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి. ఒక ఏడాది నీళ్ళపాలు. ఆ గదిని స్టాఫు సైకిళ్ళు పెట్టుకోవడానికి వాడతారట.

ఆ ఆరుగురూ ఎవరనుకున్నావు? మిగతా సబ్జెక్టుల్లో ఎవరూ చేర్చుకోనివాళ్ళు. ఒక పిల్ల నిద్రలో కూడా నోరు మూయదు, నేను వసపిట్ట అని పేరు పెట్టాను. ఇంకొకడున్నాడు, ఇవాళ ప్రశ్న అడిగితే రేపు జవాబు చెప్తాడు. వాడికి తాబేలని పేరు నేను పెట్టలేదు, వాడే చెప్పుకున్నాడు. వెనక బెంచీలో కళ్ళజోడు అమ్మాయి ఒకతె, ముందుకు రమ్మంటే కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

మొదటి రోజే వసపిట్ట లేచి, "టీచర్, మీకు లాటిన్ వచ్చా?" అంది.

"రాదు. మీకు?" అన్నాను.

"మాకూ రాదు టీచర్."

"అయితే సమానంగా ఉన్నాం, కూర్చో" అన్నాను. నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

ఇరవై ఏళ్ళుగా ఆమ్లాలూ క్షారాలూ తప్ప నాకేమీ తెలియదు. నువ్వేమో మ్యూజియంలో విరిగిన విగ్రహాలు అతికిస్తావు, ఆ దేవుళ్ళందరితో నీకు రోజూ ముఖపరిచయం. ఏదో ఒకటి రాయి. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియని మనిషికి రాస్తున్నట్టు రాయి.

దిక్కుతోచని నీ
వదిన


జూన్ 30

దిక్కుతోచని వదినకి,

నీ ఉత్తరం అందేసరికి నేను ఒక చక్రవర్తికి ముక్కు పెడుతున్నాను. పదిహేడు వందల ఏళ్ళ కిందటివాడు, ముక్కు తప్ప అన్నీ ఉన్నాయి. బతికినప్పుడు ఎంతమందికి ముక్కుతాడు వేశాడో గానీ, ఇప్పుడు నేను జిగురు పూసి నొక్కితే కిక్కురుమనకుండా ఉన్నాడు.

అసలు భయపడాల్సిందేమీ లేదు వదినా. ముందు పేర్ల గొడవ తేల్చుకో. పిల్లలందరూ తికమకపడేది అక్కడే. గ్రీకుల దేవుళ్ళూ రోమన్ల దేవుళ్ళూ వేరువేరు కాదు, ఇంచుమించు ఒక్కళ్ళే. పుట్టింటి పేరొకటి, అత్తింటి పేరొకటి, అంతే. గ్రీకు పుట్టింట్లో జ్యూస్, రోమ్ అత్తింట్లో జూపిటర్. ఆయన భార్య అక్కడ హీరా, ఇక్కడ జూనో. అందగత్తె ఆఫ్రొడైటీ అత్తింటికొచ్చి వీనస్ అయింది. కబుర్లు మోసే హెర్మీస్ మెర్క్యురీ అయ్యాడు. అపోలో ఒక్కడే ఎక్కడికెళ్ళినా అపోలోనే. ఇల్లరికం వచ్చినా పేరు మార్చుకోనని భీష్మించుకున్న అల్లుడనుకో.

ఇక లాటిన్. నీకు రాదంటావు గానీ రోజూ మాట్లాడుతూనే ఉన్నావు. టైముకి పక్కన ఏ.ఎం., పి.ఎం. రాస్తావా? అది లాటిన్: మధ్యాహ్నానికి ముందు, మధ్యాహ్నానికి తర్వాత. బోనస్ లాటిన్, మంచిదని అర్థం. మీ మీటింగులో ఎజెండా లాటిన్, చెయ్యాల్సిన పనులని. మీ ప్రిన్సిపాల్ దేన్నైనా వద్దంటే వీటో అంటారు కదా, అదీ లాటినే, "నేను ఒప్పుకోను" అని. రోమ్‌లో సామాన్యుల పక్షాన ఎన్నికైన అధికారి ఆ ఒక్క మాటతో పెద్దవాళ్ళ తీర్మానాన్ని ఆపేసేవాడు. ఇది పిల్లలకి చెప్పు, వాళ్ళకి బాగా నచ్చుతుంది.

వ్యాకరణానికి బెదరకు. మనకి డు-ము-వు-లు ఉన్నట్టే వాళ్ళకీ మాట చివర తోకలుంటాయి. మనం "రాముడు, రాముణ్ణి, రాముడితో" అని తోక మారుస్తామా లేదా? వాళ్ళూ అంతే. తోక చూస్తే ఆ మాట వాక్యంలో ఏం పని చేస్తోందో తెలుస్తుంది. తోక మారితే అర్థం మారుతుంది. చిన్నప్పుడు విభక్తులు వల్లించిన మనిషికి లాటిన్ అంత పరాయిదేమీ కాదు. నాకు నేర్పిన పెద్దాయన ఈ మాటే అంటే, నేను నమ్మడానికి రెండేళ్ళు పట్టింది. నువ్వు ఇవాళే నమ్మేసెయ్.

అన్నయ్యని కారు విషయంలోనే కాదు, ఉప్పు విషయంలో కూడా నిదానమని చెప్పు. కిందటిసారి వచ్చినప్పుడు చూశాను, పచ్చడి మీద కూడా చల్లుకుంటున్నాడు.

నీ
ఆడపడుచు (సగం మొగుడు, పూర్తి మేష్టారు)


జులై 20

అమ్మడూ, అమ్మడూ,

నీకు చెప్పందే నిద్ర పట్టేలా లేదు. గంటసేపట్లో ఈ ఉత్తరం ముగించి మీ అన్నయ్య చేతికిస్తాను, పొద్దున్నే కారులో వెళ్తూ పోస్టు డబ్బాలో వేస్తానన్నారు.

నీ పుట్టింటి పేరూ అత్తింటి పేరూ పాఠం బ్రహ్మాండంగా పేలింది. రెండు రోజుల్లో ఆరుగురికీ నోటికొచ్చేసింది. కానీ లాటిన్ మాత్రం మొదలుపెట్టిన చోటే ఆగిపోయింది. ఏ మాట చెప్పినా ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోతోంది. నాకు కూడా.

మొన్న ఆ క్లాసుకి గది ఖాళీ లేక నా ల్యాబులో కూర్చోబెట్టాను. గోడ మీద మూలకాల పట్టిక వేలాడుతోంది. తాబేలు దాన్నే చూస్తున్నాడు. పాఠం అయిపోయింది, గంట కొట్టారు, అందరూ లేచారు, వాడు లేవలేదు. అప్పుడు అడిగాడు: "టీచర్, వెండికి ఏ-జీ అని ఎందుకు రాస్తారు? సిల్వర్‌లో ఏ-నూ లేదు, జీ-నూ లేదు కదా."

నేను చెప్పబోయి ఆగిపోయాను. ఇరవై ఏళ్ళుగా నేను పిల్లలకి చెప్తున్న జవాబు: "అది దాని లాటిన్ పేరు, గుర్తుపెట్టుకోండి." అర్జెంటుమ్, వెండి. ఔరుమ్, బంగారం. ఫెర్రుమ్, ఇనుము. ప్లుంబుమ్, సీసం. కుప్రుమ్, రాగి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఇవి లాటిన్ అని తెలుసు. నాకు లాటిన్ వచ్చునని మాత్రం తెలియలేదు.

వెళ్ళబోతున్న పిల్లల్ని వెనక్కి పిలిచాను. ఆ పట్టిక నిండా మీ దేవుళ్ళే కదమ్మా! హీలియం, సూర్యుడు హీలియస్ పేరు మీద. సెలీనియం, చంద్రదేవత సెలీనీ. టైటానియం, ప్రొమీథియం సరేసరి. టాంటలం కథ చెప్తే వసపిట్ట కూడా నోరు మూసుకుని వింది. టాంటలస్ అనేవాడు మెడలోతు నీళ్ళల్లో నిలబడి దాహంతో అల్లాడతాడు, వంగితే నీళ్ళు తగ్గిపోతాయి. ఆ లోహాన్ని ఆమ్లంలో పడేసినా చుక్క పీల్చదు, అందుకని ఆ పేరు. దాన్ని వదలకుండా అంటిపెట్టుకునుండే ఇంకో లోహానికి అతని కూతురు నయోబీ పేరు మీద నయోబియం అని పెట్టారు. "తండ్రీకూతుళ్ళని విడదియ్యడానికి చాలా కష్టపడ్డారు" అన్నాను. కళ్ళజోడు అమ్మాయి అప్పుడు మొదటిసారి తనంతట తాను ముందు బెంచీలోకి వచ్చింది.

ఇప్పుడు ఒక్కో మూలకానికీ ఒక్కో అట్ట తయారు చేస్తున్నాను. ఒకవైపు పేరు, రెండోవైపు కథ రాద్దామనుకున్నా గానీ రెండోవైపు ఖాళీ లేదు. ఎందుకంటే అవి అటక మీద ఉన్న మీ అన్నయ్య పాత ట్రాఫిక్ గుర్తుల అట్టలు. గట్టివి, నాకు ఇంకెక్కడా దొరకలేదు. బంగారం వెనక "కుడివైపు తిరగరాదు" అని ఉంది. ఇనుము వెనక "ముందు పాఠశాల కలదు". ఆయనకి చెప్పకు. అవి ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో చేత్తో వేసినవి.

ఉప్పొంగిపోతున్న
వదిన


ఆగస్టు 2 (కార్డు)

అమ్మడూ,

తీరిక లేదు, నాలుగు ముక్కలే. బంగారం, వెండి మొత్తం ఆదివారమే స్కూలుకి తరలించేశాను. ఆ పిల్లల కోసం ఈ మాత్రం చెయ్యకపోతే ఎలా? మీ అన్నయ్యకి ఇంకా తెలియదు. చూసుకున్న రోజు ఇల్లు పీకి పందిరేస్తారు, వేసుకోనీ. వివరం అంతా పెద్ద ఉత్తరంలో రాశాను కదా. నువ్వు మాత్రం నోరు జారకు.

వదిన


ఆగస్టు 12

ప్రియమైన వదినకి,

కార్డు అందింది. మళ్ళీ మళ్ళీ చదివాను. నీ పెద్ద ఉత్తరం కూడా, అదే, జూన్‌లో రాసింది, తీసి చదివాను. సబ్జెక్టు ఎత్తేస్తామన్నారని రాశావు గానీ, పరిస్థితి ఇంతదూరం వచ్చిందని రాయలేదు. నువ్వు చేసింది తప్పని నేననను. నీ మనసు నాకు తెలుసు, పిల్లలంటే నీకు ప్రాణం. కానీ ఒక్కదానివే మొయ్యలేని బరువు నెత్తికెత్తుకోకు. ఏ కష్టమున్నా మనసులో పెట్టుకోకుండా నాతో చెప్పుకో.

ఇంట్లో మగవాళ్ళకి తెలియకుండా చేసిన పని తెలిసినప్పుడు, పని కంటే దాచిన సంగతే పెద్దదవుతుంది. అది కూడా ఆలోచించు.

అన్నయ్యకి విడిగా ఒక చిన్న ఉత్తరం రాశాను. మరేం లేదు, క్షేమసమాచారమే.

చక్రవర్తికి ముక్కు అతుక్కుంది. కొంచెం ఎడమకి తిరిగిందని మా డైరెక్టరు గారు అన్నారు. మళ్ళీ ఊడదీయాలి.

నీ
ఆడపడుచు


ఆగస్టు 25

సౌభాగ్యవతి ఆడపడుచుకి,

రిజిస్టరు పార్సిలు ఈపాటికి అందే ఉంటుంది. అత్తయ్య గొలుసు అందులో ఉంది. మీ అన్నయ్య తన చేతులతోనే కట్టి పంపారు.

మీ కిందటి ఉత్తరం చదివి, క్లాసు బరువు గురించి బెంగపడుతున్నారని మురిసిపోయాను. అదే రోజు ఆయనకి వేరే ఉత్తరం వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. "వదిన దగ్గరున్న బంగారం సంగతి ఒకసారి చూసుకో, ముఖ్యంగా అమ్మ గొలుసు ఎక్కడుందో కనుక్కో" అని రాశారట. ఆయన నాకు ఆ ఉత్తరం చూపించలేదు. బీరువా తెరిచి, గొలుసు తీసి, "అది తనకి కావాలేమో, అడగలేక ఇలా రాసింది" అన్నారు. ఆ సాయంత్రమే అట్టపెట్టె వెతికారు. మరునాడు కారు నేర్చుకునే పిల్లవాడెవడో రెండుసార్లు ఇంజను ఆపేస్తే వాడి మీద గట్టిగా అరిచారట. ఆయన అరవడం ఆ కారు ఎప్పుడూ విని ఉండదు.

అత్తయ్య ఆ గొలుసు నా మెడలో వేసినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. నాకు ఇవ్వాలని లేకపోతే అప్పుడే చెప్పాల్సింది. తర్వాత అనిపిస్తే నన్నడగాల్సింది. నవ్వుతూ తీసిచ్చేదాన్ని. ఆడపడుచు హక్కు నేను కాదనేదాన్ని కాదు. నన్ను దాటి రాసినందుకే నా బాధ.

పోటీ దగ్గరపడుతోంది, పనుల్లో ఉన్నాను. ఇకపై ఉత్తరాలు ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
మీ వదిన


సెప్టెంబరు 4

వదినా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు కూర్చో. నేను ఇప్పటిదాకా నేల మీదే కూర్చుని నవ్వుతున్నాను, మధ్యలో ఏడుస్తున్నాను. మా వర్క్‌షాపులో అందరూ నాకు మతిపోయిందనుకుంటున్నారు.

మొదట గొలుసు వచ్చింది. అందులో చీటీ కూడా లేదు. అమ్మ గొలుసు అలా అట్టపెట్టెలో దారం చుట్టి ఉండటం చూసి, ఇంట్లో పెద్ద గొడవే జరిగిందనుకున్నాను. నువ్వు నగలన్నీ స్కూలుకి ఇచ్చేశావనీ, అన్నయ్యకి తెలిసిపోయిందనీ, మిగిలిన ఒక్కటీ కాపాడుకోవడానికి నా దగ్గరికి పంపాడనీ అనుకున్నాను. ఆ తర్వాత నీ ఉత్తరం. "మీ వదిన" అని సంతకం. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను "మీరు" అనడం అదే మొదటిసారి. గౌరవం ఇంత చేదుగా ఉంటుందని నాకు తెలియదు.

ఇవాళ పొద్దున ఇంకో కవరు వచ్చింది. మీద నీ దస్తూరీ. వెనక ఎవరిదో తెలియని దస్తూరీలో ఇలా ఉంది: "మాస్టారి కారు డాష్‌బోర్డులో దొరికింది. పార్కింగ్ నేర్చుకుంటూ పోస్టు డబ్బా పక్కన ఆపాను, వేసేస్తున్నాను." తెరిస్తే జులై 20 నాటి ఉత్తరం!

వదినా, నీ బంగారం అట్టముక్కని నాకెలా తెలుస్తుంది? "బంగారం, వెండి మొత్తం స్కూలుకి తరలించేశాను, మీ అన్నయ్యకి తెలియదు" అని ఒక ఆడమనిషి కార్డు ముక్క రాస్తే, దాని వెనక "కుడివైపు తిరగరాదు" అని ఉంటుందని ఏ ఆడపడుచు ఊహిస్తుంది? నువ్వు నగలిచ్చి సబ్జెక్టుని నిలబెడుతున్నావనుకున్నాను. అమ్మ గొలుసు కూడా పోయిందేమోనని భయపడ్డాను. నా కోసం కాదు. అది నీ మెడలో లేకపోతే చూడలేను, అందుకని. నిన్నే సూటిగా అడగకపోవడం నాదే తప్పు. అన్నయ్యకి రాయడం ఇంకా పెద్ద తప్పు. క్షమించు.

గొలుసు ఇవాళే తిరుగు టపాలో పంపుతున్నాను. అన్నయ్యకి అన్నీ వివరంగా రాశాను. అట్టల సంగతి కూడా. నోరు జారక తప్పలేదు, ఎలాగూ ఇల్లు పీకడం అయిపోయింది కదా, ఇక పందిరే మిగిలింది.

మళ్ళీ నన్ను "నువ్వు" అని రాసేదాకా అన్నం తినను. ఇది అబద్ధం, తింటాను. కానీ రుచించదు.

నీ, నీ, నీ
ఆడపడుచు


సెప్టెంబరు 15

ఒసే అమ్మడూ,

తిను. "నువ్వు" అని రాశాను.

నీ ఉత్తరం మేమిద్దరం కలిసి చదివాం. బంగారం అట్ట దగ్గరికి వచ్చేసరికి నేను నవ్వాపుకోలేకపోయాను. మీ అన్నయ్య నవ్వలేదు. లేచి, అటక ఎక్కి, కిందికి దిగి, "అన్నీ కోసేశావా?" అన్నారు. అవునన్నాను. పందిరి ఇప్పుడే వేస్తారనుకున్నాను. ఆయన "పాదరసం వెనక ఏముంది?" అని అడిగారు. "వేగం తగ్గించుము" అన్నాను. అప్పుడు నవ్వారు. ఆగకుండా నవ్వారు. మెర్క్యురీ దేవుడు కాళ్ళకి రెక్కలు కట్టుకుని తిరుగుతాడని చెప్తే, "వాడికి ఆ గుర్తే కావాలి" అన్నారు.

ఆ ఆదివారం తనే స్కూలుకొచ్చి, అట్టల అంచులు రంపంతో సరిచేసి, చెరిగిపోయిన అక్షరాలకి మళ్ళీ రంగు వేశారు. ఉత్తరం డాష్‌బోర్డులో వదిలేసిన నేరం తనదేనని ఒప్పుకున్నారు, కానీ పిల్లల ముందు కాదు.

గొలుసు చేరింది. మెడలోనే ఉంది.

ఇప్పుడిక పోటీ. జట్టుకి ముగ్గురు కావాలి. వసపిట్ట, కళ్ళజోడు, తాబేలు. తాబేలు వద్దని ప్రిన్సిపాల్ అన్నారు. "గంట కొట్టి జవాబు చెప్పే పోటీకి వాడిని తీసుకెళ్తారా?" అని. నేను వీటో అన్నాను. ఆయనకి అర్థం తెలుసు, కానీ నేనంటానని అనుకోలేదు.

నీ
వదిన


డిసెంబరు 13

అమ్మడూ,

గెలిచాం.

మొదటి మూడింట్లో ఒకటి అడిగారు, మొదటిదే తెచ్చుకున్నాం. ఇక వరసగా రాస్తాను.

హాలు చాలా పెద్దది, ఎర్ర పరదాలు, పైన బాల్కనీ. పెద్ద స్కూలు వాళ్ళు ఒకే రకం కోట్లు వేసుకుని వచ్చారు. వాళ్ళకి లాటిన్ చెప్పడానికే ఒక మేష్టారున్నారు. మా వాళ్ళు అట్టల మూట మోసుకుని వచ్చారు. మీ అన్నయ్య మమ్మల్ని డ్రైవింగ్ స్కూలు కారులో తెచ్చారు. దాని మీద "ఎల్" బోర్డు తీయడం మరిచిపోయారు. అందరూ మమ్మల్ని చూసి నవ్వారు.

మొదటి విడతలో వెనకబడ్డాం. దేవుళ్ళ పేర్లన్నీ వచ్చు గానీ గంట దగ్గర మా చేతులు ఆలస్యం. రెండో విడతలో సొంత అంశం చెప్పాలి. మా వాళ్ళు వేదిక మీద అట్టలు పరిచి మూలకాల పట్టిక కట్టారు. కళ్ళజోడు అమ్మాయి, ముందుకు రమ్మంటే ఏడ్చే పిల్ల, మైకు పట్టుకుని టాంటలస్ కథ చెప్పింది. నీళ్ళు తగ్గిపోయే చోట తనే కిందికి వంగి, ఆగింది. హాలంతా ఆగింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకాయన "ఇది రసాయనశాస్త్రం కాదా?" అన్నారు. ఆ పిల్ల "ఆ శాస్త్రం పేర్లు పెట్టుకోవడానికి ఈ కథల దగ్గరికే వచ్చింది సార్" అంది. నేను నేర్పలేదమ్మా ఆ మాట. నాకు తెలిస్తే కదా నేర్పడానికి.

దాంతో లెక్క సమానమైంది. మేమూ, పెద్ద స్కూలూ. చివర ఒకే ఒక్క ప్రశ్న. ముసలి న్యాయనిర్ణేత కళ్ళజోడు సవరించుకుని ఒక లాటిన్ మాట చదివారు: "నోన్ ఔరో, సెడ్ ఫెర్రో." అర్థం చెప్పాలి, వెనకున్న చరిత్ర చెప్పాలి.

పెద్ద స్కూలు వాళ్ళ గంట ముందు మోగింది. "బంగారం కాదు, ఇనుము" అని చెప్పారు. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. ప్రశ్న మా వైపు వచ్చింది.

వసపిట్ట నోరు తెరిచింది. తాబేలు ఆ పిల్ల మోచెయ్యి మీద చెయ్యి వేశాడు. వాడు ఆలోచిస్తున్నాడు. గడియారం ముల్లు తిరుగుతోంది. నా పక్కన మీ అన్నయ్య కుడికాలు కుర్చీ కింద నేలని గట్టిగా తొక్కుతోంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ప్రిన్సిపాల్ గారు నా వంక ఒక చూపు చూశారు. చెప్పాను కదా అన్నట్టు. ఇంక టైము అయిపోతోందని గంట మీదికి న్యాయనిర్ణేత చెయ్యి వెళ్ళే వేళకి వాడు అన్నాడు:

"బంగారంతో కాదు సార్, ఇనుముతో."

పెద్దాయన ముందుకు వంగి, "ఆ 'తో' ఎక్కడ నుంచి వచ్చింది?" అన్నారు.

"ఔరుమ్, ఫెర్రుమ్ అంటే చివర మన 'ము' లాంటిది. ఇక్కడ చివర 'ఓ' ఉంది సార్. తోక మారింది. మన తృతీయా విభక్తి. చేతన్, చేన్, తోడన్, తోన్."

హాలు ఒక్కసారి గొల్లుమంది. వెక్కిరింపు కాదు. ఆ నాలుగు మాటలూ చిన్నప్పుడు అందరూ వల్లించినవే కదా. బాల్కనీలోంచి ఎవరో మిగతావి కూడా అందుకున్నారు. పెద్దాయన నవ్వు ఆపుకుంటూ, "మరి చరిత్ర?" అన్నారు. ఇంక వసపిట్టని ఎవరు ఆపగలరు? గాల్ జాతివాళ్ళు రోమ్‌ని పట్టుకుని, బంగారం తూచి ఇస్తే వదిలిపోతామన్నారని, తూకం దొంగతూకమని రోమన్లు అంటే వాళ్ళ నాయకుడు తన కత్తి కూడా తక్కెట్లో పడేసి "ఓడినవాళ్ళ గతి ఇంతే" అన్నాడని, అప్పుడు కెమిల్లస్ అనే సేనాపతి వచ్చి ఆ తూకం ఆపించి, మన ఊరిని మనం బంగారంతో కాదు, ఇనుముతో తెచ్చుకుంటామన్నాడని కథగా చెప్పుకుంటారని, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. తక్కెట్లో కత్తి పడే చోట బల్ల మీద చేత్తో ఎంత గట్టిగా కొట్టిందంటే, న్యాయనిర్ణేత మంచినీళ్ళ గ్లాసు పడిపోయింది.

ఫలితం చెప్పినప్పుడు నేను చప్పట్లు కొట్టలేదు, కొట్టడం మరిచిపోయాను. మీ అన్నయ్య కుర్చీ ఎక్కి నిలబడి ఈల వేశారు. పాతికేళ్ళ కాపురంలో ఆయనకి ఈల వచ్చునని నాకు తెలియదు. ఆరుగురూ నా మీద పడ్డారు. పెద్ద స్కూలు లాటిన్ మేష్టారు వచ్చి తాబేలు చెయ్యి పట్టుకుని ఊపి, "నేను ఎప్పుడూ ఇలా చెప్పలేదు, రేపటి నుంచి చెప్తాను" అన్నారు. ఎంత పెద్ద మనసు. ప్రిన్సిపాల్ గారు నా దగ్గరికి వచ్చారు. "సబ్జెక్టు ఉంటుంది" అన్నారు. "తెలుసు సార్" అన్నాను. కొంచెం పొగరుగానే అన్నాను. ఒక్కరోజుకి చెల్లుతుంది.

ఎవరూ చేర్చుకోని ఆరుగురి
టీచరు


డిసెంబరు 22

వదినా,

నీ ఉత్తరం మా వర్క్‌షాపులో పైకి చదివాను. అందరూ ఉలులు పక్కనపెట్టి విన్నారు. విభక్తి దగ్గరికి వచ్చేసరికి మా డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. ఆయన నవ్వగా నేను చూడలేదు, ఇవాళ చూశాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. మా స్టోరులో మినర్వా ఉంది. రోమన్ల చదువుల తల్లి. పాలరాయి కాదు, పాత విగ్రహం మీద తీసిన అచ్చు, కానీ నిలువెత్తు కంటే ఎత్తు, చేతిలో బల్లెం, తల మీద శిరస్త్రాణం. నిలబెట్టే చోటు లేక ఏళ్ళ తరబడి గోడవైపు తిరిగి ఉంది. ఆవిడని మీ స్కూలుకి శాశ్వతంగా ఇస్తున్నట్టు డైరెక్టరు గారు సంతకం పెట్టారు. లారీలో ఆవిడతో పాటు నేనూ వస్తున్నాను. నెలరోజుల సెలవు కూడా పెట్టాను.

చిక్కు ఒకటే. ఆవిడ ముక్కలుగా విడిపోదు, పడుకోబెట్టి తీసుకురావడానికీ వీల్లేదు. మీ స్కూలు వాకిలి కొలిచి వెంటనే రాయి. చాలకపోతే ఏం చేద్దామని అడిగితే డైరెక్టరు గారు, "ఆవిడ వంగదు" అన్నారు.

నీ
ఆడపడుచు


జనవరి 3

అమ్మడూ,

వాకిలి చాల్లేదు. ప్రిన్సిపాల్ గారు టేపు తనే పట్టుకుని రెండుసార్లు కొలిచారు. తలెత్తి గోడ వంక చాలాసేపు చూశారు. తర్వాత మేస్త్రీని పిలిపించారు.

ఇవాళ ఆ గోడ కొట్టేశారు. ఆరుగురూ ఇటుకలు మోశారు, తాబేలు అన్నిటికంటే ఎక్కువ మోశాడు. వచ్చే ఏడు ఈ సబ్జెక్టులో చేరతామని వచ్చిన పిల్లల వరస గోడ పడ్డ చోటు నుంచి రోడ్డు మీదికి ఉంది. దుమ్ములో నిలబడి, ఎవరూ కదలడం లేదు.

దారి తెరిచి ఉంది. తీసుకురా.

వదిన